చిత్రగ్రీవం ఏ తరగతికి?

(నరసరావుపేటలో ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల సభలో చేసిన గుర్రం జాషువా స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



జాషువాగారి పేరు మీద మాట్లాడమంటే వక్తలు చాలామంది గబ్బిలంతో మొదలుపెడతారు. నేనూ అక్కడే మొదలుపెడతాను గానీ వెళ్లేది మరో దారిలో. 1941 నాటి ఆ కావ్యంలో గబ్బిలం చేసేది పెద్ద ప్రయాణం. తంజావూరులోని ఒక నిరుపేద మొరను శివుడి చెవిన వేయడానికి అది దేశమంతా దాటుకుంటూ ఎగరాలి. పక్షో మృగమో ఊళ్లు దాటి వెళ్లే కథ అనగానే అది పిల్లల పుస్తకమే అనుకునే అలవాటు మనకుంది. ఆ లెక్కన గబ్బిలాన్ని మూడో తరగతికి పెట్టాలి. ఎవరూ పెట్టలేదు. అందులో ఉన్న ఆకలి, అంటరానితనం, దేవుడితో పెట్టుకున్న తగువు అర్థం కావాలంటే కొంత లోకం చూసి ఉండాలి. అదే కవి గిజిగాడి గూటి మీద, సాలీడు నేత మీద రాసిన పద్యాలు మాత్రం బడిపిల్లలు ఇష్టంగా అప్పజెప్పేవాళ్లు. వినుకొండలో 1895లో పుట్టి, ఈ మెట్టనేలల మీద తిరిగిన మనిషి చూపు ఆ రెంటిలోనూ ఉంది. ప్రాణి ఉన్నంత మాత్రాన పుస్తకం పిల్లలది కాదన్న సంగతి ఆయన రచనల వరుసే చెబుతోంది.

ఇంగ్లీషు వాళ్ల దగ్గరా ఇదే జరిగింది. 1877లో అన్నా స్యూయెల్ రాసిన బ్లాక్ బ్యూటీని నేడు లోకమంతా పిల్లల అరలో పెడుతోంది. ఆమె రాసింది గుర్రాలతో బతికే పెద్దవాళ్లకోసం. బండివాళ్లు, సాయిసులు, యజమానులు చదివి కళ్లెం కాస్త వదులు చేస్తారన్నది ఆమె ఆశ. రిచర్డ్ ఆడమ్స్ సంగతి దీనికి తలకిందులు. తన కూతుళ్లకు కారు ప్రయాణంలో కాలక్షేపానికి చెప్పిన కుందేళ్ల కథ 1972లో పుస్తకమయ్యేసరికి, అందులో ఉన్న రక్తం చూసి పెద్దవాళ్లే జంకారు. ఎవరికోసం రాశారన్నది తెలుసుకుంటే మంచిదే, కానీ దానితో తీర్పు తేలదు.

ఈ సభకు ముందు కొందరు ఉపాధ్యాయులు, ఇద్దరు ముగ్గురు తల్లులు నన్నడిగిన ప్రశ్న ఒకటే. "చిత్రగ్రీవం పుస్తకం చిన్నపిల్లలకు ఇవ్వచ్చా సార్?" ఈ రోజు నా ఉపన్యాసమంతా దానికి జవాబే.

పుస్తకం తెలియనివాళ్లకోసం రెండు మాటలు. ధన్‌గోపాల్ ముఖర్జీ 1890లో కలకత్తా దగ్గర పుట్టాడు. కుర్రతనంలోనే జపాన్ వెళ్లి, అక్కణ్ణుంచి అమెరికా చేరి, అక్కడే చదువుకుని, అక్కడే ఇంగ్లీషులో రాసి, 1936లో అక్కడే పోయాడు. 1927లో ఆయన వేసిన పావురం కథకు 1928లో న్యూబరీ పతకం వచ్చింది. అమెరికా గ్రంథాలయ సంఘం ఏటా ఒక పిల్లల పుస్తకానికి ఇచ్చే పతకం అది. మన దేశంలో పుట్టినవాడికి అది దక్కడం అదే మొదలు. దాసరి అమరేంద్రగారు దాన్ని చిత్రగ్రీవం పేరుతో తెలుగులోకి తెచ్చారు. చిన్నయసూరి మిత్రలాభంలో వలతో సహా ఎగిరిపోయిన పావురాల రాజు పేరే ఈ పక్షికీ ఉంది కాబట్టి మనవాళ్లకు పేరు కొత్త కాదు. కొన్నేళ్లపాటు మన రాష్ట్రంలో పదో తరగతి తెలుగు వాచకంలో ఈ నవల మొదటి పేజీలు పాఠంగా ఉన్నాయి. ఈ హాల్లో ఉన్న యువకుల్లో చాలామంది ఆ పాఠం చదివి పరీక్ష రాసినవాళ్లే అయ్యుంటారు.

పాఠంలో ఉన్నదేమిటి? కలకత్తాలో మేడ మీద పావురాలు పెంచే ఒక కుర్రాడు. గూట్లో రెండు గుడ్లు. తల్లీ తండ్రీ వంతులవారీగా పొదగడం, పిల్ల పుట్టడం, గొంతులోని తిత్తిలో ఊరే పాలు రెండూ దాని నోట్లో పోయడం, చివరికి తండ్రి దాన్ని గోడ అంచు దాకా నెట్టుకుంటూ వెళ్లి గాల్లోకి తోయడం. ముచ్చటగా ఉంటుంది. పావురాల తీరు గురించి అందులో చెప్పినది నిజం కూడా.

పాఠం తరవాత ఏమవుతుందన్నది పుస్తకం తెరిచినవాళ్లకే తెలుసు. తండ్రి గాలివానలో పోతాడు. తల్లిని డేగ తన్నుకుపోతుంది. హిమాలయాల దాకా వెళ్లిన చిత్రగ్రీవం డేగల భయంతో దారితప్పి పారిపోయి, లామాల మఠం చేరి, అక్కడి సన్యాసుల చేతుల్లో ఆ భయం పోగొట్టుకుని, తన యజమాని కంటే ముందే ఇల్లు చేరుతుంది. ఇక్కడికి మొదటి భాగం. రెండో భాగంలో మొదటి ప్రపంచ యుద్ధం వస్తుంది. గోండ్ అనే ముసలి వేటగాడితో కలిసి పావురం ఫ్రాన్స్ వెళ్లి మన సైన్యానికి వార్తలు మోస్తుంది. మన సైనికులు వేలాదిగా ఆ కందకాల్లోకి దిగింది 1914 చివర్లో. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ దగ్గర జరిగిన పోరాటంలో ఎంతోమంది పోయారు. ఆ నేల మీదే ఈ కథ. తోటి పావురాన్ని కళ్లముందు కాల్చేస్తారు. విమానాలు లోహపు గద్దల్లా వెంటపడతాయి. ఇల్లు చేరాక చిత్రగ్రీవానికి గాయాలు మానినా రెక్క లేవదు. ఎగరడానికి భయం. గోండ్‌కూ అదే రోగం. ఇద్దరూ సింగలీలా దగ్గరి మఠానికి మళ్లీ వెళతారు.

పెద్దవాళ్లు ఈ పుస్తకాన్ని చూసి రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు "పసివాళ్లకు ఈ చావులెందుకండీ" అంటారు. రెండోవాళ్లు మనవైపు ఎక్కువ. "మా పల్నాటి పిల్లలు చూడని చావా సార్?" అంటారు. రెండో మాటనే ముందు తీసుకుంటాను. అది మనది, పైగా అందులో కొంత నిజం ఉంది.

ఆదివారం కోడి మెడ కోస్తుంటే పక్కన నిలబడి రెక్కలు పట్టుకునేది ఇంట్లో పిల్లవాడే. మాచర్ల, వెల్దుర్తి వైపు నల్లమల అంచు ఊళ్లల్లో పులి పశువును పట్టుకుపోయిందన్న వార్త విని పెరిగే పిల్లలున్నారు. కారెంపూడి తిరునాళ్ల చూడండి. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పన్నెండో శతాబ్దపు దాయాదుల కొట్లాటను ఆ ఊరు ఏటా మళ్లీ నడిపిస్తుంది. రాయబారం నాడు విషప్రయోగానికి బలైన అలరాజును తలుచుకుంటారు. కోడిపోరు నాడు ఒక పుంజు ఓటమి మీద ఒక రాజ్యం అడవులపాలైన కథ వింటారు. తండ్రి భుజాల మీద కూర్చున్న నాలుగేళ్లవాడు కూడా ఆ ఆయుధాలు చూస్తాడు, ఆ కేకలు వింటాడు. బొంగరాలాడుకుంటున్న బాలచంద్రుడు యుద్ధానికి పోయి తిరిగిరాకపోవడం మనకు ఉగ్గుపాలతో పోసిన కథ.

ఇంకా వెనక్కి వెళ్లండి. రెంటచింతల మండలంలో గోలి అనే ఊరుంది. అక్కడి స్తూపం రాళ్లు 1926లో బయటపడి మద్రాసు మ్యూజియం చేరాయి. పలకల మీద జాతక కథలు. షడ్దంత జాతకం అందులో ఒకటి. ఆరు దంతాల ఏనుగును చంపి దంతాలు తెమ్మని ఒక రాణి వేటగాణ్ణి పంపుతుంది. విషపుబాణం తగిలిన ఏనుగు కోపం దిగమింగి, తన దంతాలు కోసుకోవడానికి తనే సాయపడి ప్రాణం విడుస్తుంది. ఆ దంతాలు చూసి రాణి గుండె పగిలి పోతుంది. వెస్సంతర జాతకమూ గోలి రాళ్ల మీద ఉంది. తండ్రి తన కొడుకునీ కూతుర్నీ దానంగా ఇచ్చేయడం, పుచ్చుకున్నవాడు వాళ్లని కొట్టుకుంటూ తోలుకుపోవడం. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే జనంలో పిల్లలూ ఉండేవాళ్లు కదా. ఏ తల్లీ కళ్లు మూసి నడిపించి ఉండదు.

అంతెందుకు, మన బళ్లలో తరాల తరబడి చెప్పిన నీతిచంద్రిక 1853 నాటిది. మిత్రభేదం ఎలా ముగుస్తుంది? సంజీవకుడనే ఎద్దును దమనకుడు కొండేలు చెప్పి సింహంచేత చంపిస్తాడు. చంపించిన నక్కకు శిక్ష లేదు. కుట్ర గెలుస్తుంది. ఇది పిల్లలకు తగునా అని నేను విద్యార్థిగా ఉన్నప్పుడు గానీ, ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు గానీ ఒక్కరూ అడగ్గా వినలేదు. అడిగినవాళ్లంతా సంధులు, సమాసాలు కష్టంగా ఉన్నాయనే అడిగారు.

కాబట్టి రెండో వర్గం గెలిచినట్టేనా? కాదు. ఇక్కడే నాకు వాళ్లతో పేచీ ఉంది.

కోడిని కోస్తుంటే చూసిన పిల్లవాడే, తను పేరు పెట్టి గింజలు వేసి పెంచిన పెట్టను చుట్టాలొచ్చారని కోస్తే రెండు రోజులు అన్నం మానేస్తాడు. చూసిన రక్తం అంతే. మారింది పేరు, పరిచయం. కథకూ నవలకూ ఉన్న తేడా కూడా ఇదే. సంజీవకుడు పోయేది ఒకటి రెండు వాక్యాల్లో. ఆ ఎద్దు ఏం తిన్నదో, ఎక్కడ పడుకున్నదో, వానకు ఎలా వణికిందో మనకు తెలియదు. అది ఎద్దు వేషం వేసిన మంత్రి. పిల్లవాడికి దాని చావు ఒక ఎత్తుగడ ముగింపుగా తోస్తుంది, ఎవరో పోయినట్టు అనిపించదు. షడ్దంతంలోనూ ఏనుగు త్యాగానికి గుర్తుగా నిలబడుతుంది. పావురం అలా కాదు. గుడ్డు నుంచి వెంట ఉన్నాం. కళ్లు తెరవడం చూశాం, ముక్కు గట్టిపడటం చూశాం, మెడ మీద ఈకలకు రంగు ఎక్కడం చూశాం. అన్ని రోజుల స్నేహం తరవాత దాని తల్లిని డేగ పట్టుకుంటే పడే దెబ్బను తిరునాళ్లలో చూసిన దానితో తూచకూడదు.

తిరునాళ్లకు ఇంకో సంగతుంది. అక్కడ పిల్లవాడు ఒంటరిగా లేడు. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. కులం అడగకుండా అందరూ ఒకే చాప మీద కలిసి తింటారు. పోరు, చావు, భోజనం ఒకే వరసలో వస్తాయి. భయం వేస్తే పట్టుకోవడానికి నాన్న జుట్టు చేతిలోనే ఉంది. నవల అలాంటిది కాదు. మధ్యాహ్నం పూట ఇంట్లో అందరూ మిరప కోతకు పోయాక అరుగు మీద ఒక్కతే కూర్చుని చదువుకునే ఎనిమిదేళ్ల అమ్మాయి చేతిలో ఉండే వస్తువు. ఆ అమ్మాయికి పేజీ తిప్పితే వచ్చేదేమిటో తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. "మా పిల్లలు అన్నీ చూశారు" అనేవాళ్లు ఈ ఒంటరితనాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇక మొదటి వర్గం. చావులెందుకు అనేవాళ్లు. వీళ్లు పుస్తకాన్ని చేతిలోకి తీసుకోగానే ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్కపెడతారు. తండ్రి ఒకటి, తల్లి ఒకటి, యుద్ధంలో ఎన్నో. లెక్క పెద్దదైతే పుస్తకం పక్కన. నాకు ఈ లెక్క మీద నమ్మకం లేదు. దెబ్బ ఎంత పెద్దదన్నది సగం ప్రశ్న. దెబ్బ తగిలాక పుస్తకం ఆ ప్రాణి దగ్గర ఎంతసేపు కూర్చుంది అన్నది మిగతా సగం. పిల్లలకు తగునా తగదా అని నేను చూసే చూపు ఇదే.

జాక్ లండన్ 1903లో రాసిన కుక్క నవల పక్కన పెట్టి చూస్తే తేలుతుంది. ది కాల్ ఆఫ్ ది వైల్డ్ గొప్ప నవల, నాకు ఇష్టమైనది. కాలిఫోర్నియాలో ఎండలో పడుకునే బక్ అనే కుక్కను దొంగిలించి ఉత్తరాది మంచులో బళ్లు లాగడానికి అమ్ముతారు. దుడ్డుకర్రతో కొట్టి లొంగదీస్తారు. స్నేహంగా దగ్గరికొచ్చిన కర్లీ అనే కుక్కను మంద అంతా కలిసి చీల్చేస్తుంది. బక్ అక్కణ్ణుంచి నేర్చుకునేది ఒకటే, కింద పడితే అయిపోయినట్టే. ప్రతి దెబ్బా దాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. చివరికి అభిమానించిన యజమాని కూడా హత్యకు గురవుతాడు, కుక్క పగతీర్చుకుని తోడేళ్లలో కలుస్తుంది. దెబ్బ తగిలిన చోట ఆ నవల ఆగదు. ఆగకపోవడమే దాని అందం, అది బతుకుపోరు గురించిన పుస్తకం. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు దాన్ని రెండు చేతులా అందుకుంటారు. ఎనిమిదేళ్లవాడికి మాత్రం కర్లీ చచ్చిపోయిన చోట పక్కన కూర్చునేవాళ్లు ఆ పుస్తకంలో ఎవరూ లేరు.

ముఖర్జీ పుస్తకంలో ఉన్నారు. పైగా రెండుసార్లు ఉన్నారు. యుద్ధం అధ్యాయాలు అయిపోగానే కథ గబగబా ఇంటికొచ్చి సుఖాంతం అనదు. ద్వేషం, భయం ఎలా తగ్గుతాయన్న దానికి చివర్లో రెండు అధ్యాయాలు కేటాయించింది. పావురం ఎగరదు. ఎందుకు ఎగరవని ఎవరూ కసరరు. రోజూ కూర్చోబెడతారు, ప్రార్థన చేస్తారు, ఎదురుచూస్తారు. 1927లో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనుషుల వణుకును లోకం ఇంకా పిరికితనమని ఈసడిస్తున్న రోజుల్లో, ఒక పిల్లల పుస్తకం పిట్ట వంకతో ఈ పని చేసింది. పరీక్ష తప్పి, ఇంట్లో గొడవ చూసి, నోరు పెగలక మూలన కూర్చునే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. వాళ్లకు దీంట్లో దొరికేది నీతికథలో దొరకదు.

అందుకని నా తీర్పు ఇలా చెబుతాను. మూడు, నాలుగు తరగతుల పిల్లల చేతికి పుస్తకం ఇచ్చి చదువుకోమని వదిలేయకండి. వాళ్లకు మీరు చదివి వినిపించండి, మొదటి భాగం మాత్రం. మొదటి భాగం దానంతటదే పూర్తి కథ. పుట్టుక ఉంది, పోగొట్టుకోవడం ఉంది, భయం ఉంది, మఠంలో ఆ భయం తగ్గడం ఉంది, ఇంటికి చేరడం ఉంది. యుద్ధం దాకా పోకపోయినా ఆ వయసువాళ్లకు ఏమీ తక్కువ కాదు. రెండో భాగం ఆరు, ఏడు తరగతుల్లో. అప్పుడైనా మొదట ఒకరు బిగ్గరగా చదవడం మంచిది. ఎనిమిది దాటాక ఎవరి పుస్తకం వాళ్లు.

చదివి వినిపించే టీచర్లకు ఒక మాట. తల్లిని డేగ పట్టుకునే చోట గంట కొట్టారని పుస్తకం మూయకండి. ఆ రోజు ఇంకో పది నిమిషాలు తీసుకోండి. చిన్నపిల్లలు రాత్రికి పట్టుకుపోయేది మీరు ఎక్కడ ఆపారో దాన్నే. అవసరమైతే ముందు రోజు పాఠం తగ్గించి, తల్లి పోవడం, పిల్ల పారిపోవడం, మఠం, ఈ మూడూ ఒకే వారంలో వచ్చేలా చూసుకోండి. ముందే చెప్పేయడంలో కూడా తప్పు లేదు. "రేపు చదివేదాంట్లో వాళ్లమ్మ పోతుంది" అంటే కథ పాడవుతుందని పెద్దవాళ్ల భయం. పిల్లలకు ఆ బాధ లేదు. అలరాజు పోతాడని తెలిసే కదా ఏటా కారెంపూడి వెళుతున్నాం.

కొందరు ప్రచురణకర్తలు చేసినట్టు చావులు తీసేసి సంక్షిప్తం చేయడం నాకు నచ్చదు. తల్లి చావు తీసేస్తే పక్షి ఎందుకు పారిపోయిందో తెలియదు, మఠం ఎందుకొచ్చిందో తెలియదు. దెబ్బతో పాటు మందూ పోతుంది. ఆపడం వేరు, కోయడం వేరు.

ఈ పుస్తకంలో నిజంగా పిల్లల్ని దూరంగా పెట్టేది రక్తం కాదని కూడా చెప్పాలి. దాన్ని ప్రశంసించేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. మంచుకొండల వర్ణన పేజీలకు పేజీలు సాగుతుంది. ధైర్యం గురించి, ప్రేమ గురించి రచయిత పక్షినీ వేటగాణ్ణీ పక్కకు జరిపి తనే ఉపన్యాసం ఇస్తాడు. కొన్ని అధ్యాయాలు పావురమే నోరు విప్పి చెబుతుంది. అది బాగానే ఉంటుంది గానీ, పావురం మరీ వేదాంతిలా మాట్లాడిన చోట మా ఊరి పిల్లలు ఆవులించారు. తల్లి పోయినప్పుడు ఏడ్చిన పిల్లలే లామా బోధకు దిక్కులు చూడటం మొదలుపెట్టారు. నేను ఆ పేజీలు దాటేశాను. ముఖర్జీ ఆత్మ క్షమించాలి. అమెరికా పాఠకుడికి భారతదేశం గొప్పగా కనబడాలన్న ఆత్రుత ఆ పేజీల్లో ఉంది. మనకు ఆ అవసరం లేదు.

మొదటి అధ్యాయంలో ఒక చిన్న సంఘటనకు మాత్రం ఎంత సమయమైనా ఇవ్వండి. గూడు శుభ్రం చేద్దామని కుర్రాడు గుడ్లు బయటికి తీస్తుంటే తండ్రి పావురం ముఖం మీదికి దూకుతుంది. ఆ కంగారులో చేతిలోని గుడ్డు జారి పగిలిపోతుంది. కథలో మొదటి ప్రాణం పోయేది ఇక్కడే. డేగ లేదు, తుపాకీ లేదు, చెడ్డవాడు లేడు. మంచి చేద్దామనుకున్న చెయ్యి ఉంది, పిల్లను కాపాడుకోవాలనుకున్న తండ్రి ఉన్నాడు. తప్పు ఎవరిది? పంచతంత్రంలో ఈ ప్రశ్నకు చోటు లేదు, అక్కడ నక్క నక్కే. ఏడెనిమిదేళ్ల పిల్లలు దీని మీద వాదించుకుంటుంటే వినాలి. "వాడు తియ్యకపోతే పోయేది" అని ఒకరు, "తండ్రి పిట్టకి ఏం తెలుసు వీడు మంచోడని" అని ఒకరు, "రెండో గుడ్డుకి తెలుసా తనకో తోడుండేదని" అని ఒక పిల్ల. ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. చిన్నపిల్లలకు తగిన పేజీ అంటే నాకు అలాంటిది.

ఇప్పుడు పదో తరగతి సంగతికి వస్తాను, ఎందుకంటే నా అసలు ఫిర్యాదు అక్కడుంది. గూడు, గుడ్డు, ఎగరడం నేర్చుకోవడం ఉన్న ఈ అధ్యాయాలను మనం ఎవరికి పెట్టాం? పదిహేనేళ్లవాళ్లకు. మూడో తరగతివాడు నోరు తెరుచుకుని వినే భాగాన్ని మీసం మొలుస్తున్నవాడికి ఇచ్చి, పావురాల పెంపకం గురించి పది వాక్యాలు రాయమన్నాం. ఆ వయసుకు తగిన రెండో భాగం, అంటే యుద్ధం నుంచి వచ్చినవాడు రెక్క ఎత్తలేకపోవడం, ద్వేషం వదిలించుకోవడం, వాచకం అట్ట బయటే ఉండిపోయింది. బొంగరం పారేసి యుద్ధానికి పోయిన బాలచంద్రుడి గడ్డ మీద, పగలు తరతరాలుగా మోస్తారని పేరుపడ్డ పల్నాట్లో, ఆ రెండు అధ్యాయాలు చదవాల్సినవాళ్లు ఆ పదిహేనేళ్లవాళ్లే. పరీక్షలో రాకపోయినా ఫర్వాలేదు. పాఠశాల గ్రంథాలయంలో ప్రతి ఉంటే మార్చి పరీక్షలు అయ్యాక, సెలవులకు ముందు, వాళ్ల చేతిలో పెట్టండి.

వాళ్లతో మాట్లాడేటప్పుడు దున్న గురించి అడగండి. మఠంలో గోండ్ మనసు కుదుటపడుతున్న సమయంలో ఒక అడవి దున్న ఊళ్లో మనిషిని చంపుతుంది. దాన్ని చంపగలిగినవాడు గోండ్ ఒక్కడే. వెళతాడు, చంపుతాడు, చంపినందుకు కుమిలిపోతాడు. ద్వేషం వదిలించుకోవడానికి వచ్చిన మనిషికి ఆ పని చెప్పడం న్యాయమేనా? చంపకపోతే ఇంకొకరు పోయేవారు కదా? ఊరు కాపాడినవాడు ఎందుకు బాధపడాలి? నేను విన్నంతవరకు మగపిల్లలు ఎక్కువమంది గోండ్ చేసింది సరే, బాధపడటమే అనవసరం అంటారు. ఆడపిల్లల్లో కొందరు బాధపడ్డాడు కాబట్టే చేసింది సరి అంటారు. టీచరు ఏది ఒప్పుకుంటాడా అని అందరూ నా ముఖంలోకి చూస్తారు. ఆ ఒక్క చోట నేను ఏ పక్షమూ తీసుకోను, మీరూ తీసుకోవద్దని మనవి.